తెగాల్సిన కుట్టు

మూగ మూడో ఏడు. మక్క మోకాలెత్తు. సోమవారం.

తొడుగు 311. డ్రైవరు సీటు. బట్ట: కనకవ్వ వాళ్ళ అమ్మమ్మ చీరలు రెండు, తాత కండువా ఒకటి. దారం: చేపల వల దారం, పక్కలకు మూడు వరసలు. బలం: ఏనుగు లాగినా ఊడదు.

పాత పుస్తకం నిండిపోయింది. కొత్త పుస్తకం మొదటి పేజీలో పేరూ పనీ రాయాలని ఊరి సంఘం వాళ్ళు చెప్పారు కాబట్టి రాస్తున్నాను. పేరు గాజెంగి అంబుజ. వయసు యాభై ఆరు. పని, మానేరు కొత్తపేటలో కార్ల సీట్లకు ఒడిబొంతలు కుట్టడం. దారం ఎంత వాడానో అదొక్కటే రాస్తే చాలన్నారు. నేను నోటికొచ్చిందల్లా రాస్తాను. పోయిన రెండు పుస్తకాలూ వాళ్ళు తెరిచి చూడలేదు, అట్ట మీద సంతకం పెట్టి బీరువాలో పడేశారు.

ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు ఒడిబియ్యంతో పాటు ఒడిబొంత కూడా పెట్టడం మా అవ్వ, అంటే మా అమ్మ, కాలంలో మొదలైంది. కార్లు వాటంతట అవే నడిచే రోజులవి. ఎక్కి కూర్చుని ఎక్కడికో చెబితే చాలు. రెండు కార్లు గుద్దుకోవడమన్నది కథల్లో మాట. అంత దూరాలు ఊరికే కూర్చుని పోతున్నప్పుడు తల్లి ఒడిలోనో అమ్మమ్మ ఒడిలోనో ఉన్నట్టుండాలని, వాళ్ళ పాత చీరలు మడతలు పెట్టి బొంత కుట్టి సీటుకు తొడిగారు. సీటుకుండే నడుము పట్టీలను ఎవరూ ముట్టుకోలేదు. నలభై ఏళ్ళు అవి బొంతల కిందే నిద్రపోయాయి.

మూడేళ్ళ కిందట ఆకాశంలో తిరుగుతూ దారి చూపే పెట్టెలన్నీ ఒకే వారంలో మూగబోయాయి. కార్లు ఉన్నచోటే నిలబడిపోయాయి. ముందు పలక లోపల మడిచి దాచిన చక్రాన్ని బయటికి లాగి, మా తాతల తరం మరిచిపోయిన పనిని మేం మళ్ళీ నేర్చుకున్నాం. ముందుకు పోవడం తొందరగానే వచ్చింది. ఆగడం ఇంకా నేర్చుకుంటున్నాం.

ఊరి బయట నాలుగు దారులు కలిసేచోట నాలుగు పక్కలా మక్క చేలే, అంటే మొక్కజొన్న. తిండి గింజలు కాబట్టి కొట్టేయమని ఎవరూ అనలేరు. మక్క మోకాలెత్తు ఉన్నంతకాలం అవతలి బండి కనిపిస్తుంది. తలెత్తు పెరిగితే దేవుడే చూడాలి. పోయినేడు అలా పెరిగిన వారంలోనే మా తమ్ముడు రాజలింగం ఆ మక్క చౌరస్తాలో పోయాడు. ఇప్పుడు అతని పాల బండి పని అతని భార్య విమల చేస్తోంది. రోజూ రెండుసార్లు అదే చౌరస్తా దాటుతుంది.

ఈ పొద్దు పాలు పోస్తూ, "వదినె, ఇయ్యాల అర లీటరే. పెద్ద బర్రె అలిగింది" అంది.

"దానికేమైందట?"

"నాకేమెర్క. నీ లెక్కనే, లోపట పెట్టుకుంటది గని చెప్పదు."

ఆమె బండి సీటుకు ఉన్నది తొడుగు 203. రాజలింగం చొక్కాలతో నేనే కుట్టాను. అతని నీలం చొక్కా చెయ్యి విమల కుడిభుజం దగ్గరికి వచ్చేలా పెట్టాను. బండి నడుపుతుంటే పక్కన ఆయన ఉన్నట్టే ఉంటుందని అంటుంది. ఇప్పటికి నా చేతి పనికి వచ్చిన మెప్పుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.


మక్క మోకాలు దాటింది. శుక్రవారం.

తొడుగు 312. పని సగంలో ఆగింది. ఆపింది ఆసుపత్రి నర్సు మెటిల్డా.

మెటిల్డా మనసు మంచిదే కానీ చేతిలో సూది లేనప్పుడు కూడా పొడుస్తుంది. వచ్చి నా మిషను ముందు పీట వేసుకుని కూర్చుంది.

"అంబుజక్కా, ఒక మాటడుగుత. కోపం జెయ్యకు."

కోపం చేయొద్దని మొదలుపెట్టిన మాట ఎప్పుడైనా మంచిదై ఉంటుందా? అడుగమన్నాను.

"పోయినేటి నుంచి చౌరస్తల పక్క నుంచి గుద్దుడువడ్డోళ్ళు పదకొండు మంది నా వార్డుకొచ్చిండ్రు. అందరి తలకాయలు మంచిగనే ఉన్నయ్. ఏడుగురికి మాత్రం పక్కబొక్కలు ఇరిగినయ్. నలుగురికి పక్కలు కమిలినయ్, గంతే. నాకు సమజ్ గాలె. ఒక్క తీరు దెబ్బ, రెండు తీర్ల మనుషులా?"

"గట్టి బొక్కలుంటయ్, మెత్త బొక్కలుంటయ్" అన్నాను, పక్కటెముకలు అందరివీ ఒక్క తీరుగా ఉండవని.

"ఆ నలుగురు మోటరడ్డ కిరాయి కార్లల్ల వొచ్చినోళ్ళు. ఏడుగురు సొంత కార్లోళ్ళు. కిరాయి కారుకూ సొంత కారుకూ తేడా ఏందో చెప్పు."

నాకు వెంటనే తెలిసింది. తెలిసినందుకే ఒళ్ళు మండింది. కిరాయి కారుకు బొంత ఎవరు కుట్టిస్తారు, ఎవరి తల్లి ఒడి అని కుట్టిస్తారు? తేడా నా బొంతే. మెత్తటి చీరల మడతలు మనిషి ఎముకలు విరుస్తాయా అని గట్టిగానే అన్నాను. మెటిల్డా నా అరుపుకు బెదరలేదు. "నేను నిన్నంటలేను. నువ్వు నాకంటె తెలివిగల్లదానివి, జర ఆలోచన చెయ్యి" అని లేచి వెళ్ళింది.

312 మడిచి పక్కన పెట్టాను.


మక్క నడుమెత్తు. మంగళవారం.

కుట్టు పని లేదు.

ఎదురు షెడ్డులో పాత కార్లు విప్పి బాగుచేసే ఖాజా భాయ్ దగ్గరికి వెళ్ళాను. అతను ఎప్పుడూ తొందరపడడు. చెప్పిందంతా విని, చేతులు తుడుచుకుని, నా దుకాణానికి వచ్చి నా సూదుల దిండు అడిగాడు.

నా సూదుల దిండు లోపల నింపింది దూది కాదు. ప్రతి సీటు పక్కన ఒక చిన్న గుడ్డ చీటీ కుట్టి ఉంటుంది, దాని మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటుంది. అది సీటు చేసిన కంపెనీ పేరని నేననుకున్నాను. బొంత కింద గరగరమంటూ తగులుతుందని ప్రతి సీటుకూ దాన్ని కత్తిరించేశాను. పారేయడం ఇష్టంలేక దిండులో కూరుతూ వచ్చాను. ఖాజా భాయ్ దిండు విప్పి ఆ చీటీలు బల్ల మీద కుప్ప పోశాడు.

"ఇది పేరు గాదు చెల్లె. ఈడ సంచి ఉన్నది, దీన్ని మూయొద్దు అని చెప్పుడు."

ఏ సంచి అన్నాను. షెడ్డుకు తీసుకుపోయి, ఎవరికీ పనికిరాని ఒక బండి తలుపు తెరిచి చూపించాడు.

"ముంగట నుంచి గుద్దితే ఇంజనున్నది, బానెట్టున్నది, నలగడానికి జాగున్నది. పక్కకు ఏమున్నది? ఈ తలుపు, దాని ఎనుక జానెడు జాగ, ఇగ మనిషే. అందుకే తలుపు లోపట చిన్న డబ్బి పెట్టిండ్రు. తలుపు ఎప్పుడైతే లోపటికి నొక్కుకున్నదో, తలుపుల గాలి అదుముకుంటది. డబ్బికి అది తెలుస్తది. తెలిసిన వెంటనే సీటు పక్కన మడతపెట్టిన సంచి గాలితోటి ఉబ్బి, ఈ కుట్టు చీల్చుకొని మనిషికీ తలుపుకూ నడుమ జొరవడ్తది. నువ్వు కన్ను మూసి తెరిచేలోపట పదిసార్లు అయిపోతది ఆ పని."

"ఆకాశం మూగవోయింది గద. దానికెవలు చెప్తరు?"

"దానికి ఆకాశం అక్కర లేదు. అది మన నోటి మాట కూడ ఇనదు. తలుపు నొక్కుకున్నదా లేదా, అది ఒక్కటే ఎర్క దానికి."

తల సంగతి అడిగాను. ఇంకో సంచి కిటికీ పైన కప్పు అంచులో చుట్టి ఉంటుందని, అది తెరలా కిందికి జారి తలకు అడ్డం పడుతుందని చెప్పాడు. కప్పుకు మేం ఏ తొడుగూ వేయం. అందుకే తలలు మిగిలాయి.

తర్వాత అతను గుద్దుడు పడకుండా మిగిలిన పాత సీట్లు రెండు బయట ఎండలో పెట్టి, నన్ను దూరంగా నిలబెట్టి, ఒక్కొక్కటే పేల్చి చూపించాడు. మొదటిది ఒట్టి సీటు. టపాకాయ లాంటి చప్పుడు, అంతే, సీటు పక్క కుట్టు విచ్చుకుని తెల్లటి సంచి బయటికొచ్చి నిలబడింది. రెండోదానికి నా చేతి పాత బొంత ఒకటి తొడిగాం. మళ్ళీ చప్పుడు. బొంత పక్కన కుండంత ఉబ్బింది. సీటు కదిలి పక్కకు వాలింది. సంచి బయటికి రావడానికి దారిలేక వెనక వైపు నుంచి కొంచెం తొంగిచూసి నీరసించింది. మూడు వరసల వల దారంలో ఒక్క పోగు కూడా తెగలేదు.

నాకు ముందు గర్వం కలిగింది. ఒక్క క్షణమే, కానీ కలిగింది. అది రాయకపోతే ఈ పుస్తకంలో మిగిలినదంతా అబద్ధమవుతుంది.


అదే రోజు, పొద్దుగూకే వేళ.

పాత పుస్తకం తీసి చూశాను. చూడకుండా ఉండగలిగితే బాగుండేది.

తొడుగు 88. డ్రైవరు సీటు. తమ్ముడు రాజలింగం బండికి. బట్ట: అవ్వ చీరలు మూడు. దారం: వల దారం, పక్కలకు మూడు వరసలు, తమ్ముడు కాబట్టి ఇంకో వరస. బలం: ఏనుగు లాగినా ఊడదు.

పోయినేడు చౌరస్తాకు పరుగెత్తి పోయినప్పుడు నేను చూసింది ఇప్పుడు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. కుడి తలుపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. కిటికీకి తెల్లటి బట్ట వేలాడుతోంది. ఎవరో పుణ్యాత్ములు మనిషికి అడ్డంగా తెర కట్టారనుకున్నాను. రాజలింగం ముఖం మీద చిన్న గీత కూడా లేదు. పక్కబొక్కలు ఊపిరితిత్తుల్లో గుచ్చుకున్నాయని ఆసుపత్రిలో చెప్పారు. అతను కూర్చున్న బొంత మాత్రం ఎక్కడా కుట్టు సడలలేదు.

పదకొండో రోజు అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు నేనే ఆ మాట అన్నాను. "బండంత నలిగింది గని అవ్వ బొంత ఒక్క కుట్టు ఇడ్వలేదు. సచ్చేదాక కొడుకును పట్టుకునే ఉన్నది" అని. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. విమల ఆ మాటను దాచుకుంది. ఏడాదిగా ఎవరు పరామర్శించినా, మా అత్తమ్మ ఆయన్ని చివరిదాకా వదల్లేదట అని అదే చెబుతోంది. ఆ మాటతోనే ఆమె పొద్దున లేచి బర్రెలు పిండుతోందని నాకు తెలుసు.

నా తమ్ముణ్ణి చంపింది నేను అని రాయాలో, నా కుట్టు అని రాయాలో తెలియడం లేదు. రెంటికీ తేడా ఏముంది?


మక్క ఎదెత్తు. ఆదివారం.

తొడుగులు విప్పినవి ఇప్పటికి అరవై రెండు.

సంఘంలో అందరి ముందూ నిలబడి చెప్పాను. నా బొంతలు సంచులను మూసేస్తున్నాయి, తెచ్చి ఇస్తే పక్కలు విప్పి ఇస్తాను అన్నాను. రాజలింగం పేరు ఎత్తలేదు. విమల పాలు పిండే వేళ కాబట్టి ఆమె అక్కడ లేదు. ఆ వేళ చూసి సభ పెట్టమన్నది నేనే.

ఖాజా భాయ్ పక్కలు పూర్తిగా తెరిచి వదిలేయమన్నాడు. అదే అన్నిటికంటే మంచిదట. కానీ జనం ఒప్పుకోలేదు. పెళ్ళి బొంతకు నోరు తెరిచినట్టు పక్క ఉంటే అరిష్టమన్నారు. కనకవ్వ ఐతే, "మా అమ్మమ్మ ఒడికి పొక్క జేస్తవా" అని, చిల్లు పడనివ్వనన్నట్టు బొంతను గుండెకు హత్తుకుని కూర్చుంది. చివరికి నేనే ఒక దారి చెప్పాను. పక్కన సంచి ఉన్నంత మేర బొంత మడతలు తీసేసి ఒంటి పొర చేస్తాను, దాన్ని కచ్చా కుట్టుతో కలుపుతాను. కచ్చా కుట్టంటే అసలు కుట్టు వేసే ముందు గుడ్డ జరగకుండా వేసే పెద్ద పెద్ద టాకాలు. పనైపోయాక లాగి పారేస్తాం. కచ్చా కుట్టు ఉన్న బట్ట ఇచ్చిన దర్జీని ఊళ్ళో మనిషిగా చూడరు. మా అవ్వ నన్ను మొదటిసారి కొట్టింది దానికే.

ఖాజా భాయ్ దగ్గర మిగిలిన సీట్ల మీద పరీక్ష చేశాం. ఒంటి నూలు పోగు, వేలెడంత టాకాలు, ఒక్క వరస. నాలుగు సీట్లలో మూడింటికి సంచి అడ్డం లేకుండా వచ్చింది. నాలుగోదానికి రాలేదు. విప్పి చూస్తే నా చెయ్యి మధ్యలో తెలియకుండానే టాకాలు దగ్గర చేసి ముడి బిగించింది. నలభై ఏళ్ళ అలవాటు అది. కళ్ళు పెట్టి కాపలా కాయకపోతే నా చెయ్యి నా మాట వినదు.

మెటిల్డా నా దుకాణం ముందు కూర్చుని, వచ్చిన ప్రతి వాళ్ళకూ పట్టీ పెట్టుకోవడం నేర్పుతోంది. పట్టీ లేకుంటే మనిషి ఎగిరిపడి సంచికి అందడట. తలుపుకు ఒరిగి పండుకోవద్దని, సంచి విచ్చుకునే జాగాలో తల పెడితే అదే కొడుతుందని తిడుతోంది. పాత కాలం వాళ్ళమంతా కార్లో తలుపుకు ఒరిగి నిద్రపోయినవాళ్ళమే.

ఖాజా భాయ్ వెళ్ళబోతూ అడిగాడు. "విమలకు చెప్పినవా?"

"రేపు జెప్త."

"మొన్న గూడ రేపే అన్నవు చెల్లె."


మక్క భుజమెత్తు. గురువారం.

ఈ పొద్దు చౌరస్తాలో ఇద్దరు గుద్దుకున్నారు. కనకవ్వ అల్లుడికి మూడు పక్కబొక్కలు విరిగాయి. అది విప్పని బొంత. తొడుగు 311, ఈ పుస్తకంలో మొదటిది.

వార్త వినగానే చెప్పులు కూడా వేసుకోకుండా విమల ఇంటికి వెళ్ళాను. వాకిట్లో పాల క్యాన్లు బోర్లించి తోముతోంది. మంచం మీద తొడుగు 88 పరిచి ఉంది. అది ఏడాదిగా ఆమె పక్కబట్ట.

"ఊరందరి బొంతలు ఇప్పుతున్నవట" అంది తలెత్తకుండా. "నాది గూడ ఇప్పుమంటవా? నేనియ్య. ఆయన చొక్కలు అవి. అత్తమ్మ ఆయన్ని ఎట్ల ఇడ్వలేదో, ఆయన నన్ను గట్లనే పట్టుకుంటడు."

ఎన్ని తీర్లుగా చెప్పాలనుకున్నానో అవన్నీ పోయాయి.

"ఇడ్వలే విమలా. అదే జరిగింది. ఇడిస్తే బతికెటోడు."

ఆమె చెయ్యి ఆగింది. నేను కూర్చుని అంతా చెప్పాను. తలుపు లోపలి డబ్బి, సీటు పక్క సంచి, నేను కత్తిరించిన చీటీలు, నాలుగో వరస. కిటికీకి వేలాడిన తెల్లబట్ట ఏమిటో చెప్పాను. పదకొండో రోజు నేనన్న మాట తప్పని చెప్పాను. ఏడవకూడదనుకున్నాను కానీ ఏడ్చాను.

విమల ఏడవలేదు. తోమిన క్యానునే మళ్ళీ తోమింది. తర్వాత నెమ్మదిగా, "నాకు ఆ మాటొక్కటే ఉండె వదినె" అంది.

నేను చెయ్యి పట్టుకోబోయాను.

"ముట్టకు. పో. ఇంక ఒక్క మాట గూడ చెప్పకు, పో."

వచ్చేశాను.


మక్క తలెత్తు. సోమవారం.

మూడు రోజులుగా పాలు గడప ముందు ఉంటున్నాయి. మనిషి కనిపించడం లేదు. బండి చప్పుడు వినిపించి నేను లేచి వచ్చేసరికి వీధి చివర మలుపు తిరిగిపోతోంది. రెండు పూటలా ఆ చప్పుడు తిరిగి వచ్చేవరకు నేను సూది పట్టుకోలేకపోయాను.

ఈ పొద్దు బండి నా దుకాణం ముందు ఆగింది. విమల దిగలేదు. కుడి తలుపు మాత్రం తెరిచింది.

"ఇప్పు" అంది.

"దిగు మరి."

"దిగ. నేను కూసుంటనే ఇప్పు, నేను కూసుంటనే కుట్టు. నువ్వొక్కదానివే కుడితే మల్ల గట్టిగ కుడుతవు. నీ చెయ్యి ఊకోదు, నాకు తెల్వదా?"

మా ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్ళు. నా చెయ్యి ఆమెకు తెలుసు.

కింద పీట వేసుకుని ఆమె నడుము పక్కన కూర్చుని, కత్తెర మొనతో ఒక్కొక్క పోగు తెంపాను. నీలం చొక్కా చెయ్యి పక్కనే. ఆమె ఎదురుగా చూస్తూ కూర్చుంది. సగం అయ్యాక తనే మాట్లాడింది.

"నాకు కోపం లేదనుకోకు. ఉన్నది. నువ్వు కావాలని చెయ్యలేదని తెలుసు, తెలిసినా ఉన్నది. ఎన్నడు పోతదో నాకెర్క లేదు."

"ఉండనీ" అన్నాను. "నాకు గూడ నా మీద ఉన్నది."

"సభల ఎందుకు చెప్పలేదు ఆయన పేరు?"

"నీకంటె ముందు ఊరికి తెలుసుడు నాకు ఇష్టం లేకుండె." ఇది సగమే నిజం. మిగతా సగం కూడా చెప్పాను. "భయమైంది."

ఆమె తల ఊపింది. తర్వాత మడతలు తీసి ఒంటి పొర చేసి, నూలు పోగుతో టాకాలు వేశాను. రెండుచోట్ల నా టాకాలు దగ్గరపడ్డాయి. రెండుసార్లూ విమల తన రెండు వేళ్ళతో పట్టి లాగి, ఊడకపోతే, "మల్ల" అంది. మూడోసారి లాగితే ఊడింది. "ఆఁ, ఇట్ల" అంది. ఊడిందాన్ని మళ్ళీ అలాగే కుట్టించుకుని, పట్టీ పెట్టుకుని వెళ్ళిపోయింది.

నిలబడి చూస్తుంటే సిగ్గేసింది. నా జీవితంలో అంత పనికిమాలిన కుట్టు వేసి ఎవరినీ పంపలేదు.


మక్క తలెత్తు, కంకి పట్టింది. శనివారం.

పొద్దున తొమ్మిదింటప్పుడు ఖాజా భాయ్ షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చాడు. అతను పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. ఏమీ అడగకుండానే అతని బండి ఎక్కాను.

చౌరస్తాలో గడ్డి బండి ఒకటి మక్క చాటు నుంచి వచ్చి పాల బండిని కుడివైపు కొట్టింది. తలుపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. పాలు దారి మీద పారి మట్టిలో ఇంకుతున్నాయి. కిటికీకి తెల్లబట్ట వేలాడుతోంది. పోయినేడు చూసిన దృశ్యమే. బండి వేరు, కానీ అదే కుడి తలుపు, అదే చోటు. ఖాజా భాయ్ నా భుజం పట్టుకుని నడిపించాడు.

సీటు ఖాళీగా ఉంది. మెటిల్డా వాళ్ళ బండి అప్పటికే విమలను తీసుకుపోయింది. కూర్చునే పోయిందని, నీళ్ళు అడిగి తాగిందని గడ్డి బండి మనిషి చెప్పాడు. ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాను.

తొడుగు 203 పక్క కుట్టు పైనుంచి కిందిదాకా విచ్చుకుంది. గాలి పోయిన సంచి నీలం చొక్కా చెయ్యి పక్కనుంచి బయటికి వాలి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఇంత పల్చటి గుడ్డ. తెగిన నూలు పోగులు సీటు మీద అక్కడక్కడా పడి ఉంటే ఏరుకుని కొంగున ముడేసుకున్నాను.

ఆసుపత్రిలో విమల ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది. కుడి పక్కంతా నల్లగా కమిలిపోయింది. భుజం ఎముకకు సన్నటి బీట పడిందట. చెవిలో హోరుమంటోందట. పక్కబొక్కలు అన్నీ ఉన్నాయని మెటిల్డా నాకు చెప్పిన తర్వాత, నమ్మనేమోనని ఇంకోసారి వేళ్ళతో లెక్కపెట్టి చూపించింది.

"చొక్క చినిగిందా?" అని అడిగింది విమల.

"లే. కుట్టే ఊడింది. బట్టకేం గాలె."

కొంచెంసేపు కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని లేవబోయాను. నా కొంగు పట్టుకుంది.

"ఆ చొక్కల తొడుగు నాకియ్యి, ఇంట్ల పెట్టుకుంట. వేరే బండి దొరికినంక దానికి అత్తమ్మ చీరలది తొడుగు."

"88 ఆ?" అన్నాను. "నువ్వు దాంట్ల ఎట్ల కూసుంటవు విమలా?"

"ఎందుకు కూసోవద్దు? ఆమె తప్పేమున్నది? పట్టుకొమ్మని నువ్వే కుట్టినవు, పట్టుకున్నది." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. నవ్వబోతే పక్క నొప్పి పెట్టి ఆపుకుంది. "కుట్టేటప్పుడు ఆమెకు నువ్వే చెప్పు వదినె. ఈసారి కోడలిని పట్టుకోవద్దను. ఇడిసిపెట్టుమను."


మక్క కోత. బుధవారం.

తొడుగు 88. తిరిగి కుట్టినది. డ్రైవరు సీటు, విమల బండికి. బట్ట: అవ్వ చీరలు మూడు. కుడి పక్క: ఒంటి పొర, కచ్చా కుట్టు, ఒక్క వరస. దారం: నూలు పోగు, చౌరస్తాలో ఏరినవే. చీటీ: దిండులోంచి ఒకటి తీసి బొంత పైన కనబడేలా కుట్టాను.

చెప్పమన్న మాట అవ్వకు చెప్పాను.

బలం: విమల రెండు వేళ్ళతో లాగింది. ఊడింది. మళ్ళీ అలాగే కుట్టాను.